ఎర్రనీళ్ల సబ్బు: రాజోలు నుంచి ఒక రంగుల డైరీ

మాఘం

ఈ ఏడాది చేయదలచుకున్నది ఒకే ఒక్క సబ్బు. అడ్డంగా కోస్తే అందులో శ్రావణమాసపు గోదావరి కనిపించాలి. అడుగున నల్ల ఒండ్రు, దాని మీద ఎర్రనీరు, ఆ పైన ఊడ్పులైన చేల పచ్చదనం, అన్నిటికీ మీద ముసురు పట్టిన మబ్బు. నాలుగు పొరలు, నాలుగు రంగులు. ఎర్రనీటి పొర కోసమే మిగతా మూడూ.

ఇదే దృశ్యాన్ని నీటిరంగులతో కాగితం మీద చాలాసార్లు వేశాను. కాగితం మీద బొమ్మ పైపైనే ఉంటుంది. సబ్బులో లోపలి దాకా ఉంటుంది. ప్రతి స్నానానికీ ఒక పొర అరిగి, కింద ఉన్న గీత కొంచెం పక్కకు జరిగి బయటపడుతుంది. నిన్న చూసిన పాయ ఇవాళ మరో చోట ఉంటుంది. గోదావరి పాయ అయిన వశిష్ఠ గట్టు మీద పెరిగిన నాకు నది అంటే అదే. ఒక లంకను కోసుకుపోతుంది, మరో చోట ఇసుక మేట వేస్తుంది. అరిగేకొద్దీ మారే బొమ్మ కావాలనుకున్నప్పుడు సబ్బు కంటే తగినది నాకు దొరకలేదు.

నూనెలు వీలైనంత వరకు మన నేల పంటలవే కావాలని ముందే నియమం పెట్టుకున్నాను. కొబ్బరినూనె మా దొడ్లో ఎండబెట్టిన కురిడీలను గానుగ ఆడించి తెచ్చినది. తవుడు నూనె వరి మీద బతికే ఈ డెల్టాకు పరాయిది కాదు. పామాయిల్ మెట్టప్రాంతం నుంచి వస్తుంది. ఏలూరు దగ్గర పెదవేగిలో ఆయిల్‌పామ్ మీద జాతీయ పరిశోధన సంస్థే ఉంది. నాలుగోది ఆముదం.

కిలో నూనెకు నా పాళ్లు ఇవి: కొబ్బరినూనె 300 గ్రాములు, తవుడు నూనె 350, పామాయిల్ 250, ఆముదం 100. కొబ్బరినూనె నురగను, గట్టిదనాన్ని ఇస్తుంది కానీ మోతాదు పెరిగితే ఒంటిని పొడిబారుస్తుంది. కోనసీమలో ఉంటూ కొబ్బరినూనెకు హద్దు పెట్టడం మనసుకు కష్టమే, అయినా 30 శాతం దగ్గర ఆగాను. పామాయిల్ వల్ల బిళ్ల త్వరగా అరగదు. తవుడు నూనె మెత్తదనం ఇస్తుంది. ఆముదం నురగను నిలబెడుతుంది.

నూనెను సబ్బుగా మార్చే క్షారం కాస్టిక్ సోడా. దాని లెక్కలో మాత్రం చేతి అంచనా పనికిరాదు. ప్రతి నూనెకూ ఒక అంకె ఉంటుంది. ఒక గ్రాము నూనె సబ్బుగా మారడానికి ఎంత కాస్టిక్ సోడా కావాలో అది చెబుతుంది. కొబ్బరినూనెకు సుమారు 0.183, పామాయిల్‌కు 0.142, తవుడు నూనెకు 0.133, ఆముదానికి 0.128. నా పాళ్లకు హెచ్చవేసి కూడితే దాదాపు 150 గ్రాములు వచ్చింది. అందులో 5 శాతం తగ్గించి 142 గ్రాములు వాడతాను. ఆ తగ్గించిన మేరకు కొంత నూనె సబ్బుగా మారకుండా మిగిలి చర్మాన్ని కాపాడుతుంది, కాటాలో చిన్న తేడా వచ్చినా క్షారం మిగిలిపోకుండా చూస్తుంది. కప్పులతో, చెంచాలతో కొలవకండి. గ్రాము వరకు చూపే డిజిటల్ కాటా లేకుండా ఈ పనికి దిగవద్దని ఎవరికైనా చెబుతాను.

క్షారం కలిపేటప్పుడు నేను తప్పని నియమాలు: కాస్టిక్ సోడాను నీళ్లలో వేయాలి, దాని మీద నీళ్లు పోయకూడదు, పోస్తే ఒక్కసారిగా మరిగి ఎగజిమ్ముతుంది. అల్యూమినియం గిన్నె ముట్టుకోకూడదు. క్షారం దాన్ని తినేసి హైడ్రోజన్ వాయువును వదులుతుంది. స్టీలు గిన్నె గానీ, మందంగా వేడికి తట్టుకునే ప్లాస్టిక్ పాత్ర గానీ వాడతాను. కళ్లకు రక్షణ అద్దాలు, మోచేతుల దాకా తొడుగులు, తలుపులు తెరిచిన వసారా, పిల్లలు బడికి వెళ్లిన సమయం. చుక్క ఒంటి మీద పడితే చాలాసేపు ధారగా నీళ్లతో కడగడమే చికిత్స, వెనిగర్ పోయడం కాదు.

నీళ్ల సంగతి డెల్టాలో మరీ ముఖ్యం. సముద్రానికి దగ్గరైన మా ఊళ్లలో బోరు నీళ్లకు ఉప్పదనం ఉంటుంది, కొన్నిచోట్ల ఇనుము కూడా. ఇనుము వల్ల నూనెలు త్వరగా ముక్కిపోతాయి; నెలల తర్వాత బిళ్ల మీద నారింజ రంగు మచ్చలు లేస్తాయి. అందుకే క్షారానికి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే.

ఫాల్గుణం

రంగులేని సబ్బు పిండిని గరిటజారుగా కలిపి, కాగితం కప్పుల్లోకి పంచి, ఒక్కో కప్పులో ఒక్కో రంగు వేశాను. కప్పు మీద పేరు, మోతాదు. ఇల్లంతా కప్పులే.

మొదట మందారం, బీట్‌రూట్. ఈ రెండిటి సంగతి తెలిసే వేశాను, కళ్లారా చూడాలని. మందారం క్షారం తగలగానే బూడిదరంగులోకి జారిపోయింది. బీట్‌రూట్ ఎరుపు తెల్లారేసరికి గోధుమరంగుకు దిగింది. పూలలో, దుంపల్లో ఉండే ఈ ఎరుపులు పులుపులో నిలుస్తాయి గానీ క్షారంలో విరిగిపోతాయి. సబ్బు ఆరిన తర్వాత కూడా క్షారగుణంతోనే, పీహెచ్ 9, 10 మధ్య ఉంటుంది కాబట్టి అవి తిరిగి వస్తాయని ఆశ పెట్టుకోనక్కరలేదు.

పసుపు మన వాళ్లందరికీ తెలిసిన పని చేసింది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది కదా, క్షారంలో పడగానే ఇక్కడా అంతే. పచ్చి సబ్బులో ఇటుక ఎరుపుగా మారి, ఆరేకొద్దీ ఆవపిండి రంగులోకి దిగింది. ఆ ఎరుపు అలాగే ఉండిపోతే నా గోదావరి నాకు వంటింట్లోనే దొరికేది. వెలుతురుకు వెలిసిపోయే గుణం కూడా పసుపుకు ఉంది.

మొక్కల రంగుల్లో నాకు నమ్మకం కలిగించినవి మూడు. నీలి ఆకు పొడి మేఘపు నీలాన్ని ఇచ్చి నిలబడింది. జాఫ్రా గింజలను తవుడు నూనెలో నానబెట్టి వడకట్టిన నూనె పండిన వరిచేను పసుపునిచ్చింది. మంజిష్ఠ వేరు పొడి గులాబీ నుంచి ఊదా దాకా వెళ్లింది. కలంకారీ ఎరుపులకు వాడే మొక్కల్లో ఇదీ ఒకటి, కానీ అక్కడ పటిక పట్టించడం వల్ల గుడ్డ మీద పలికే ఎరుపు సబ్బులో పలకదు. గోరింటాకు పొడి మట్టి పచ్చగా మొదలై గోధుమరంగుకు వస్తుంది. బజారులో నల్ల గోరింటాకు పేరుతో అమ్మేదాన్ని మాత్రం దగ్గరికి రానీయవద్దు. జుట్టుకు వేసే రంగులోని పీపీడీ అనే రసాయనం అందులో కలపడం పరిపాటి, అది కొందరికి చర్మం పొక్కులెక్కేలా చేస్తుంది.

ఈ కప్పులు చూసి మా మావయ్య అడిగారు: "ఏమ్మా, ఎర్రనీటి రంగు కావాలంటావు. ఎర్రనీరే తెచ్చి ఆరబెట్టి, ఆ మట్టే కలపవచ్చు కదా?"

నిజానికి ఆ కోరిక నాకు ఆయన కంటే ముందే పుట్టింది. పోయిన వరదలో వశిష్ఠ నుంచి పట్టిన నీళ్లు ఒక గాజు సీసాలో ఉన్నాయి. కదపకుండా ఉంచితే పైన తేట నీరు, అడుగున వేలెడు కూడా లేని ఎర్ర మడ్డి. ఒక్కసారి ఊపితే సీసా అంతా గోదావరే. ఆ మట్టి మెత్తదనం చూస్తే చేయి ఊరుకోదు.

"వద్దు మావయ్యా," అన్నాను. "ఆ నీళ్లలో మట్టితో పాటు పట్నాల మురుగు ఉంది, చేల మందులు ఉన్నాయి, రొయ్యల చెరువుల నీళ్లు ఉన్నాయి. ఒంటికి రాసుకునేదాంట్లో ఏముందో నాకు తెలియాలి."

ఆయనకు ఇంకొక మాట కూడా చెప్పాను. ఎర్రనీటిని ఎర్రగా చేస్తున్నది ఇనుము. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి వంటి ఉపనదులు ఎర్ర నేలల నుంచి మోసుకొచ్చే ఐరన్ ఆక్సైడ్. సౌందర్య సాధనాలకు వాడే ఎర్ర ఐరన్ ఆక్సైడ్ కూడా అదే పదార్థం. కాకపోతే దాన్ని భూమిలోంచి తవ్వి తీయరు, కర్మాగారంలో తయారు చేస్తారు. కారణం, తవ్విన కావిరాళ్లలో ఇనుముతో పాటు సీసం, ఆర్సెనిక్, పాదరసం వంటివి కలిసి ఉండే ప్రమాదం ఉంది. సహజం అన్న మాటకు లొంగిపోయి చర్మానికి సీసం అంటించడం నాకు సమ్మతం కాదు. నది రంగు నదిలోంచే రావాలన్న పట్టుదల ఇక్కడ వదిలేశాను. సీసా అల్మరాలో ఉంటుంది. రంగు కలిపేటప్పుడు బయటికి తీసి, ఊపి, పక్కన పెట్టుకుని చూస్తాను. అంతవరకే దాని పని.

ఖనిజ రంగులు

రంగు పొడి కొనేటప్పుడు అందమైన పేరును కాకుండా డబ్బా మీద సి.ఐ. అంకెను చూడటం అలవాటు చేసుకున్నాను. సి.ఐ. అంటే కలర్ ఇండెక్స్, రంగుల సూచిక. అందులో ప్రతి రంగుకూ ఒక అంకె ఉంటుంది. ఎర్ర ఐరన్ ఆక్సైడ్ 77491, పసుపు ఐరన్ ఆక్సైడ్ 77492, నల్లది 77499. అల్ట్రామెరైన్ నీలం 77007. క్రోమియం ఆక్సైడ్ ఆకుపచ్చ 77288. తెలుపుకు వాడే టైటానియం డయాక్సైడ్ 77891. వీటన్నిటినీ కప్పుల్లో పెట్టి చూశాను. అన్నీ క్షారానికి తట్టుకున్నాయి.

తట్టుకోనివి కూడా ఖనిజ రంగుల్లో ఉన్నాయి. ప్రష్యన్ బ్లూ, అంటే 77510, మంచి లోతైన నీలం. క్షారంలో అది విరిగి తుప్పు గోధుమగా మారుతుంది. మాంగనీస్ వయొలెట్ ఊదా కూడా క్షారంలో నిలవదు. చిక్కేమిటంటే ఇవి తళతళలాడే మైకా పొడుల్లో దాగి ఉంటాయి. మైకా అంటే అభ్రకం. దానికి తనదంటూ పెద్ద రంగు ఉండదు. పైన పూసిన టైటానియం డయాక్సైడ్, ఐరన్ ఆక్సైడ్, మరేదైనా అద్దకమే రంగు. నీలం మైకా డబ్బా మీద 77007 ఉంటే ధైర్యంగా తీసుకోవచ్చు, 77510 ఉంటే సబ్బుకు వద్దు. అంకెలే లేని డబ్బా అయితే ఎంత మెరిసినా కొనను.

మా ఊరి కొట్లలో రంగులకు కొరత లేదు, అందుకే ఈ మాట విడిగా రాస్తున్నాను. హోలీ రంగులు, ముగ్గు రంగులు, గోడ సున్నంలో కలిపే రంగులు, కొవ్వొత్తి రంగులు, బట్టల అద్దకం పొడులు, ఇవేవీ సబ్బులో వేయకండి. వాటిని ఒంటికోసం శుద్ధి చేయలేదు. బట్టలకు పెట్టే నీలిమందు డబ్బాలో అల్ట్రామెరైన్ ఉండవచ్చు, వేరే అద్దకం ఉండవచ్చు. ఏది ఉన్నా అది బట్టల సరుకే. బజారు కుంకుమ కూడా వద్దు. పసుపు, సున్నంతో ఇంట్లో చేసిన కుంకుమ వేరు, చవక కుంకుమలో కలిపే కృత్రిమ రంగులు వేరు. మిఠాయి రంగులు తినడానికి పనికివచ్చినా నీళ్లలో కరిగే రకం కాబట్టి ఒక పొర నుంచి పక్క పొరలోకి పాకుతాయి, చాలావరకు క్షారంలో మారిపోతాయి.

మన దేశంలో సౌందర్య సాధనాల రంగులకు భారతీయ ప్రమాణాల సంస్థ జాబితా ఉంది, ఐ.ఎస్. 4707. సేంద్రియ (ఆర్గానిక్) రంగుల్లో సీసం 20 పీపీఎం, అంటే పది లక్షల్లో 20 భాగాలు, ఆర్సెనిక్ 2 పీపీఎం మించకూడదని చట్టం చెబుతుంది. ఖనిజ పొడి కొనేముందు కూడా ఈ రెండు అంకెలకు పరీక్ష పత్రం ఉందా అని అడుగుతాను. చూపించేవారి దగ్గర ధర ఎక్కువైనా అక్కడే కొంటాను. కిలో సబ్బుకు ఒకటి రెండు గ్రాములు పట్టే పొడి మీద ఆదా చేసేది ఏమీ లేదు.

మెరుపు కాగితపు పొడి (గ్లిటర్) గురించి మా మేనకోడలు గట్టిగా అడిగింది, నదిలో ఎండ మెరిసినట్టు ఉంటుందని. అది ప్లాస్టిక్. మా స్నానాల గది నీళ్లు బోదెలోకి, బోదె కాలువలోకి, కాలువ మురుగు కాలువ మీదుగా సముద్రంలోకి పోతుంది. గోదావరి బొమ్మ కోసం గోదావరి కాలువల్లోకే ప్లాస్టిక్ నలుసులు వదలలేను. ఆ పిల్లకు కావలసిన మెరుపు, అంకె చూసి కొన్న బంగారు మైకా ఒక్క చిటికెడుతో వచ్చింది.

ఉగాది నాటికి

ప్రతి నమూనా బిళ్లలో సగానికి నల్ల కాగితం చుట్టి, దక్షిణపు కిటికీలో వరసగా పేర్చి ఉంచాను. ఇప్పుడు విప్పి చూస్తే తీర్పు కళ్ల ముందుంది. ఐరన్ ఆక్సైడ్లు, క్రోమియం ఆకుపచ్చ, అల్ట్రామెరైన్, బొగ్గు: మూసిన సగానికీ తెరిచిన సగానికీ తేడా లేదు. నీలి ఆకు దాదాపు అలాగే ఉంది. జాఫ్రా కొంత తగ్గింది. పసుపు బాగా వెలిసింది. పాలకూర పొడి ఆకుపచ్చ ఎండుగడ్డి రంగుకు వచ్చింది.

రెండో పరీక్ష తెల్ల గుడ్డ. తడి బిళ్లతో నురగ తీసి పాత తెల్ల పంచె ముక్క మీద రుద్ది, ఆరబెట్టి చూడాలి. నురగ తెల్లగానే ఉండాలి, గుడ్డకు మరక అంటకూడదు. కిలో నూనెకు ఐరన్ ఆక్సైడ్ రెండు గ్రాముల వరకు అంటలేదు. బొగ్గు పొడి ఎక్కువ వేసిన బిళ్ల బూడిద నురగ ఇచ్చింది కాబట్టి మోతాదు సగానికి తగ్గించాను. ఈ బొగ్గు కూడా కొబ్బరి చిప్పలదే, కానీ పొయ్యిలో కాల్చి దంచినది కాదు. ఇంట్లో దంచిన దాంట్లో గరుకు నలకలు మిగులుతాయి, ఒంటిని గీస్తాయి. ముఖలేపనాలకు అమ్మే మెత్తటి రకం కొన్నాను.

పొడులు కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుంటాను. టైటానియం డయాక్సైడ్ సబ్బులో ఉన్నప్పుడు ఒంటికి ఇబ్బంది లేదు, కానీ గాలిలో ఎగిరే ఏ పొడైనా ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఒక చెంచా పొడికి మూడు చెంచాల నూనె పోసి ఉండలు లేకుండా మెదిపితే రంగు సబ్బులో చుక్కలు చుక్కలుగా మిగలదు.

వైశాఖం: పిన్ని లేసు

బిళ్ల పైభాగం నున్నగా ఉండకూడదని మొదటి నుంచీ అనుకుంటున్నాను. ముసురు మబ్బు మీద ఒక అల్లిక కావాలి. నరసాపురం వైపు ఇళ్లలో క్రోషే లేసు అల్లని వసారా అరుదు. ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా పిన్ని వేళ్లు ఆ సూదితోనే పెరిగాయి.

"సబ్బుకు లేసు ఎందుకే?" అంది పిన్ని.

"పైన వాన కావాలి పిన్నీ. నీ గొలుసు కుట్టు వానలాగే ఉంటుంది."

రెండు రోజుల్లో బెత్తెడు వెడల్పు పట్టీ అల్లి ఇచ్చింది, గొలుసులు అన్నీ ఒకే వాలుగా. లేసునే పచ్చి సబ్బు మీద పరిస్తే నూలు క్షారానికి తట్టుకుంటుంది గానీ (పట్టు, ఉన్ని అయితే కరిగిపోతాయి) పీకేటప్పుడు సబ్బు రేగుతుంది. అందుకని పట్టీని అద్దం పలక మీద పరిచి, రెండు సీసాలుగా వచ్చే సిలికాన్ కలిపి పైన పోసి, అచ్చు తీశాను. పిన్ని చేతి ముడులు ఒక్కటీ తప్పకుండా అందులోకి వచ్చాయి. అసలు పట్టీని శుభ్రం చేసి తిరిగి ఇచ్చేశాను.

రోహిణి కార్తె: పోత

ఎర్రనీటి పొరను రెండు రంగులతో గీయాలని మొదట్లో ఆలోచించాను, లేత ఎరుపులో ముదురు ఎరుపు పాయలుగా. నమూనాలు కోస్తూ ఉండగా మనసు మారింది. సబ్బు చేసేవాళ్లు లోపంగా చూసే ఒక సంగతి ఉంది. నీళ్లు ఎక్కువగా ఉన్న పిండి వేడెక్కి జెల్ అయినప్పుడు, అంటే మెత్తబడి పారదర్శకంగా మారినప్పుడు, బిళ్లలో అద్దంలాంటి సన్నటి నరాలు పాకుతాయి. వాటిని గ్లిజరిన్ నదులు అంటారు. సబ్బులోని వేర్వేరు భాగాలు ఒకే వేగంతో గట్టిపడకపోవడం వల్ల కొంత మేర పారదర్శకంగా, కొంత మేర మసకగా మిగులుతుంది. వాటిని ఎలా రాకుండా చేయాలో చెప్పేవారే ఎక్కువ. నాకు కావలసిందే అవి.

నీళ్ల పాలుతో దీన్ని చేతి కిందికి తెచ్చుకోవచ్చు. నీళ్లు ఎక్కువ ఉన్న సబ్బు తక్కువ వేడికే జెల్ అవుతుంది, తక్కువ ఉన్నదానికి ఎక్కువ వేడి కావాలి. ఒకే నూనె, ఒకే రంగు, ఒకే మోతాదు కాస్టిక్ సోడా. నీళ్లు మాత్రమే తేడా. ఎర్రనీటి పొరకు 500 గ్రాముల నూనె తీసుకుని, అందులో ఎర్ర, పసుపు ఆక్సైడ్లు కలిపి, సీసా పక్కన పెట్టుకుని రంగు సరిచూసి, రెండు సగాలు చేశాను. ఒక సగానికి 35.5 గ్రాముల కాస్టిక్ సోడాను 53 గ్రాముల నీళ్లలో, రెండో సగానికి అదే 35.5 గ్రాములను 96 గ్రాముల నీళ్లలో. పిండిగా ఉన్నప్పుడు రెండూ కళ్లకు ఒక్కటే. ఏది ఏ గిన్నెలో ఉందో చీటీ అంటించకపోతే తెలియదు.

అచ్చు చెక్కపెట్టె, లోపల బటర్ పేపర్. అడుగున బొగ్గు కలిపిన నల్ల ఒండ్రు పోసి, చెంచా వెనక వైపుతో ఎత్తుపల్లాలు చేసి, మీద బరువు పడితే కుంగనంత బిగిసే దాకా ఆగాను. దాని మీద నీళ్లు తక్కువున్న సగం పోశాను. నీళ్లు ఎక్కువున్న సగాన్ని మూతి సన్నగా ఉన్న గిన్నెలోంచి, జానెడు ఎత్తు నుంచి, సన్నని ధారగా. ధవళేశ్వరం దిగాక గోదావరి గౌతమి, వశిష్ఠలుగా చీలుతుంది, వశిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోతుంది. ధార పోస్తున్నంతసేపూ చేతికి ఆ పటమే గుర్తు. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక ఆ నీళ్లు కాలువలకు ఎక్కాయి, మా ఊళ్లకు రెండు పంటలు నేర్పాయి. కాలువలు మాత్రం ఈ బిళ్లలో పెట్టలేదు. తిన్నని గీతలకు ఇక్కడ చోటు లేదు.

ఆకుపచ్చ పొరలో క్రోమియం ఆకుపచ్చకు రెండింతలు పసుపు ఆక్సైడ్ కలపాల్సి వచ్చింది. ఒక్క క్రోమియం అయితే ముదురు మామిడాకు రంగు. నారు పచ్చకు పసుపు కావాలి. పైన మబ్బు: టైటానియం డయాక్సైడ్‌లో సూదిమొన మీద నిలిచేంత నల్ల ఆక్సైడ్. దాని మీద పిన్ని వాన, సిలికాన్ అచ్చు బోర్లించి.

రోహిణి ఎండలకు వసారానే కొలిమి. అయినా పెట్టెకు దుప్పటి చుట్టి, పక్కన వేడినీళ్ల సీసాలు పెట్టాను. వేడి అంచుల దాకా ఒకేలా అందకపోతే మధ్యలో మాత్రమే జెల్ అయి గుండ్రటి మచ్చ మిగులుతుంది. గంటకోసారి దుప్పటి ఎత్తి చూశాను. పొంగి పగిలేంత వేడి రాకూడదు కదా.

మరునాడు తీగతో కోసినప్పుడు పిన్నిని, మేనకోడలిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. మొదటి బిళ్ల విడివడగానే పాయలు ఉన్నాయి. ఒకే ఎరుపులో కొంత మేర మసకగా, కొంత మేర ముదురుగా, వెలుతురు లోపలికి దిగేలా. ఏ రంగుతో గీసినా అంత మెత్తటి అంచు రాదు. మబ్బు పొరలో కూడా సన్నటి నరాలు దిగాయి. టైటానియం డయాక్సైడ్ ఉన్నచోట అవి బాగా కనబడతాయి. ఆ పొరలో వాటిని నేను కోరలేదు, కానీ వాన పైనుంచి లోపలికి దిగినట్టు కుదిరింది. ఏ రెండు బిళ్లలూ ఒకేలా లేవు.

ఆషాఢం: ఆరబెట్టడం

తేమ నేలలో ఇదే అసలు శ్రమ. పుస్తకాల్లో నాలుగు నుంచి ఆరు వారాలు అని ఉంటుంది. మన వానాకాలపు గాలిలో ఆరు వారాలకు ముందు బిళ్లను ముట్టుకోకపోవడమే మంచిది. సబ్బులో సహజంగా పుట్టే గ్లిజరిన్ గాలిలోని తేమను లాక్కుంటుంది, ఉదయం లేచి చూస్తే బిళ్లల మీద చెమట బిందువులు. చెడిపోయినట్టు కాదు, తుడవకుండా ఫ్యాను గాలికి వదిలేస్తే పోతాయి. వెదురు తడక మీద, బిళ్లకూ బిళ్లకూ మధ్య వేలు పట్టే సందుతో పేర్చాను. ఇనుప జల్లెడ మీద పెట్టకూడదు, నారింజ మచ్చలకు అదీ ఒక దారి. వారానికోసారి తూకం వేస్తున్నాను. కోసినప్పుడు 120 గ్రాములున్న బిళ్ల 106 దగ్గర నిలిచి, ఇక తగ్గడం మానింది.

పీహెచ్ కాగితం 9కి కాస్త పైన చూపింది. ఇంట్లో అందరం మోచేతి లోపలివైపు నురగ రాసి, ఒక రోజు ఆగి చూశాం. మొదటిసారి పూర్తి బిళ్లతో స్నానం చేసింది మా అత్తయ్య. ఆమె నలభై ఏళ్లుగా సున్నిపిండి మనిషి. నురగను వేళ్ల మధ్య నలిపి, "ఒంటికి పిసరు కూడా చురుక్కుమనలేదు," అంది.

చూసినవాళ్లు కొంటామంటున్నారు. అమ్మాలంటే 2020 నాటి సౌందర్య సాధనాల నియమాల ప్రకారం రాష్ట్ర అధికారుల నుంచి తయారీ లైసెన్సు తీసుకోవాలి. ఆ ఏర్పాట్లేవీ నాకు లేవు కాబట్టి ఇవి ఇంటికీ, అయినవాళ్లకూ మాత్రమే. ఇచ్చే ప్రతి బిళ్లతో ఒక చీటీ పెడుతున్నాను: ఏ నూనెలు, ఏ రంగులు, వాటి సి.ఐ. అంకెలు, కోసిన నెల. ఇంటి సబ్బు కదా అని చీటీ మానేయడం నాకు నచ్చదు. అలర్జీ ఉన్న మనిషికి ప్రేమ కంటే ముందు ఆ వివరం కావాలి.

శ్రావణం

ఎర్రనీరు దిగింది. రేవు దగ్గర పులస బేరాలు మొదలయ్యాయి. ఒక బిళ్ల తీసుకుని గట్టు మీదికి వెళ్లి, వెలుతురులో నీటి పక్కన పట్టుకుని చూశాను.

నా ఎరుపు కాస్త ఇటుక వైపు ఉంది. నదిలో పసుపు ఎక్కువ, అడుగున బూడిద ఛాయ కూడా ఉంది. మధ్యాహ్నం మబ్బు పట్టాక ఆ బూడిద మరింత తేలింది. ఏడాది పాటు సీసాలో చూసిన రంగు గాజు వెనక రంగు, పల్చటి నీటి రంగు. మైలు వెడల్పు నీటి మీద ఆకాశం కూడా కలుస్తుంది. పాయల అంచులు మాత్రం సరిగ్గా అవే. సుడి తిరిగేచోట ముదురు నీరు లేత నీటిలోకి చొచ్చే తీరు బిళ్లలోనూ అలాగే ఉంది.

తర్వాతి పోతకు పాళ్లు రాసుకున్నాను: ఎర్ర ఆక్సైడ్ మూడో వంతు తగ్గించాలి, ఆ మేరకు పసుపు ఆక్సైడ్ పెంచాలి, నల్ల ఆక్సైడ్ చిటికెలో సగం. నీళ్ల పాళ్లు మార్చను.

దాని తర్వాత అంతర్వేది. వశిష్ఠ సముద్రంలో కలిసేచోట వరద రోజుల్లో ఎర్రనీటికీ నీలినీటికీ మధ్య కనబడే గీత నా చేతికి కావాలి. నీలానికి అల్ట్రామెరైన్ ఉంది, దాని పక్కన ఐరన్ ఆక్సైడ్ పాకదని పరీక్షల్లో తేలింది. తేలాల్సింది ఆ గీతే. రెండు పిండులనూ అట్టముక్క అడ్డుపెట్టి పక్కపక్కన పోసి, ఎంత బిగిసినప్పుడు అట్ట లాగితే అంచు నిలువునా ఉంటూనే కొంచెం చెదురుతుందో చూడాలి. అట్ట ముక్కలు కోసి పెట్టాను. కొబ్బరికాయలు దింపించే పని ఈ వారంలో ఉంది. నూనె ఆడించగానే మొదలుపెడతాను.